పురిటింటికి క్యారియరు

(సమాజ మహిళావిభాగపు సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ వేదికపై నేను మాటలాడుదునని విన్నప్పుడు, సాహిత్యమును గూర్చియో నాటకమును గూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. కాని నేను వంటయింటి విషయమొకటి ఎన్నుకొంటిని. పసిబిడ్డ పుట్టిన యింటికి ఇరుగుపొరుగువారు వండి పంపు భోజనమే నేటి నా ప్రసంగవిషయము. ఇది స్త్రీల విషయము గదా, సచివాలయమున ఫైళ్లు చూచుకొను వానికి ఇందేమి పని యని కొందఱు లోలోపల నవ్వుకొనుచుండవచ్చును. ఆ తలంపే ఈ విషయమునందలి మొదటి చిక్కు. పురిటింట అన్నము వేళకు అందకపోయిన ఆ లోటు ఇంటిల్లిపాదిది. దానిని తీర్చు పనియు అందఱిది కావలెను.

మన ఆచారమున తొలికాన్పు పుట్టింటివారి బాధ్యత. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో కూతును తీసికొనిపోయి, పురుడు పోసి, మూడవ నెలనో ఐదవ నెలనో బిడ్డతోను సారెతోను అత్తవారింటికి పంపుదురు. ఆ యేర్పాటునందు ముచ్చటలు ఎన్ని యున్నను దాని సారము ఒక్కటియే: ఆ నెలలలో బాలింత పొయ్యి దగ్గరకు పోవనక్కరలేదు. తల్లి వండును, పిన్నమ్మ వడ్డించును, మేనత్త బిడ్డకు నీళ్లు పోయును, పొరుగింటి అవ్వ కాయము దంచి తెచ్చును. అందఱు పూనుకొని చేయు ఆ పనిని నేడు ఢిల్లీలో రెండు గదుల క్వార్టరులో ఇద్దరే చేసికొనవలసి వచ్చుచున్నది.

ఇందుకు ఎవరిని తప్పుపట్టుటకు వీలులేదు. భార్యాభర్తలిద్దరును ఉద్యోగులు. చూపించుకొనుచున్న ఆసుపత్రి ఇక్కడనే యున్నది. అమ్మమ్మ కూడ ఉద్యోగినియై యుండవచ్చును, లేదా మంచమున నున్న తాతగారిని విడిచి కదలలేకపోవచ్చును. వచ్చినను నెల దాటి యుండలేదు. ఇక రెండవ కాన్పనగా పుట్టింటి ఆచారమునకు పట్టింపే తగ్గిపోవును. అప్పుడు బాలింతతో పాటు నాలుగేండ్ల పెద్దబిడ్డ కూడ ఇంట అన్నమునకు ఎదురుచూచుచుండును.

మన సెలవుల సంగతి మీరెఱుగుదురు. 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నియమముల క్రింద తల్లికి ప్రసూతి సెలవు 180 దినములు. 2008 సెప్టెంబరునకు ముందు అది 135 దినములే. తండ్రికి 1997 నుండి 15 దినముల సెలవు కలదు. ఈ లెక్కలో మనకొక సూచన యున్నది. బిడ్డ పుట్టిన మొదటి వారము ఇల్లు చుట్టములతో నిండియుండును. పదునారవనాడు తండ్రి కార్యాలయమునకు బయలుదేరును. మఱి కొన్నాళ్లకు అమ్మమ్మ రైలెక్కును. ఆ రెండు దినములను మనము జ్ఞాపకముంచుకొనవలెను. సాయము మొదటి వారముననే పోగుపడి, నిజముగా కావలసిన నాడు కనబడకుండుట మన స్నేహములందు తఱచుగా కనిపించు లోపము.

మఱియొక లెక్క చెప్పెదను. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము దేశమున నూటికి 21.5 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. ఆంధ్రప్రదేశమున ఆ సంఖ్య 42.4, తెలంగాణమున 60.7. మన ఆడపడుచులలో పెక్కుమంది కడుపుపై కుట్లతో ఇల్లు చేరుచున్నారన్నమాట. అట్టి తల్లి వంగి కుక్కరు ఎత్తలేదు, చాలసేపు నిలుచుండి రొట్టెలు కాల్చలేదు. ఆమెకు విశ్రాంతి యను మాట చెప్పి వచ్చినంత మాత్రమున విశ్రాంతి లభింపదు. వండిన అన్నము ముందు పెట్టిననే అది లభించును.

మనవారికి వండి తీసికొనిపోవు మర్యాద తెలియనిది కాదు. చావు సంభవించిన యింట పొయ్యి వెలిగింపరాదని బంధువులు, పొరుగువారు అన్నము వండి తెచ్చి, తినమని బ్రతిమాలి పెట్టుట నేటికిని కలదు. పుట్టుక కలిగిన యింటికి మాత్రము మిఠాయి పొట్లము, వెండి గిన్నె, గిలక్కాయ తీసికొనిపోవుదుము. అరగంట కూర్చుండి, బిడ్డ ముక్కు తండ్రిది, నుదురు తాతది యని తీర్మానించి, కాఫీ త్రాగి వచ్చుదుము. ఆ కాఫీ ఎవరు కలిపిరి? ఆ కప్పులు ఎవరు కడిగిరి? దుఃఖమున చూపు వివేకమును సంతోషమున కూడ చూపవలెనని నా మనవి.

ఇక ఏమి వండవలెను? ఇందుకు మనకు పెద్దలిచ్చిన సొత్తు చాలనున్నది. చరకసంహిత శారీరస్థానమున సూతికాహారము చెప్పబడినది. ఆమెకు ఆకలి కలిగినదని తెలిసికొని, పిప్పలి, మోడి, చవ్యము, చిత్రమూలము, శొంఠి పొడులతో కూడిన నేయి మున్నగువానిని శక్తికి తగినంత యిచ్చి, అది జీర్ణమైన పిదప పలుచని జావ పోయవలెననియు, ఐదేడు రాత్రులు ఇట్లు కాపాడి క్రమముగా పుష్టి కలిగింపవలెననియు దాని సారాంశము. ఇందు మొదటి మాట ఆకలి. పథ్యమనగా ఆకలిని అణచుట కాదు, ఆకలి నెఱిగి దానికి తగినట్లు పెట్టుట.

మన యిండ్లలోని పథ్యము కూడ ఈ దారినే నడచినది. పాతబియ్యపు వేడి అన్నములో మొదటి ముద్దకు శొంఠిపొడియు నేయియు. పిదప వాముపొడి, కరివేపాకు పొడి, వెల్లుల్లి కారము. కూరలలో బీరకాయ, పొట్లకాయ, సొరకాయ, మెంతికూర, మునగాకు. కృష్ణా గోదావరి మండలములలో తెలగపిండి కూర లేని పురుడు లేదు. సముద్రతీరమున పాలసొర చేప పిట్టు వండి పెట్టుదురు. పైన మిరియాల చారు. ఉదయమున కాయము: శొంఠి, పిప్పలి, మిరియాలు, వాము మున్నగునవి దంచి, బెల్లపు పాకమున నేతితో ఉడికించి, ఉసిరికాయంత ఉండ చేసి నోట పెట్టుదురు. దినుసులలో ఇంటింటికి భేదములున్నను, వేడిగా, మెత్తగా, తేలికగా అరుగునట్టుగా పెట్టవలెనను నియమము ఒక్కటియే.

ఇవి ఢిల్లీలో దొరకవని భయపడనక్కరలేదు. బీరకాయ ఇక్కడి తోరీ, సొరకాయ ఇక్కడి ఘియా, వాము అజ్వైన్, శొంఠి సోంఠ్. మెంతికూర చలికాలమున బండి మీద గుట్టలుగా వచ్చును. మునగాకు, కరివేపాకు, చేపలు కావలసినవారికి ఐ.ఎన్.ఏ. మార్కెట్టు దారి చెప్పనక్కరలేదు. తెలగపిండి మాత్రము ఊరినుండి వచ్చువారిచేత తెప్పించుకొనవలెను. విజయవాడ నుండి బయలుదేరు బంధువులు పూతరేకులతో పాటు ఒక కిలో తెలగపిండి కూడ తెచ్చిన ఏదో యొక పురిటింటికి అక్కరకు వచ్చును.

మన కాలనీలలో నివసించుట వలన కలిగిన మేలొకటి యున్నది. ఒక్క మెట్లదారిలో నాలుగు రాష్ట్రముల పథ్యములు కనబడును. ఎదుటి వాటాలోని పంజాబీ ఇల్లాలు గోధుమపిండిని నేతిలో వేయించి, తినెడి జిగురు, శొంఠి, వాము, బాదముపప్పు కలిపి పంజీరీ చేయును. మహారాష్ట్రులు ఆ జిగురుతోనే లడ్డూలు కట్టుదురు. తమిళులు వెల్లుల్లి పులుసు, ప్రసవ లేహ్యము పెట్టుదురు. వంగదేశీయులు నల్లజీలకఱ్ఱ నూరి మొదటి ముద్దలో కలుపుదురు. మలయాళులు మెంతుల గంజి కాచుదురు. భాషలు వేఱైనను నేయి, శొంఠి, వెల్లుల్లి, మెంతి అందఱి డబ్బాలలోను ఉన్నవి. కాన్పు గదిలో దేశమంతయు ఒకే పాఠము చదివినట్లున్నది. కావున పొరుగువారి పంజీరీ వచ్చినప్పుడు ఇది మన పథ్యము కాదని పెట్టె అడుగున దాచక ఆదరముతో తినవలెను.

ఇప్పుడు శాస్త్రజ్ఞుల మాట వినుడు. మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థను మీరెల్లరు ఎఱుగుదురు. 1918లో కూనూరున ఒక గదిలో ప్రారంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందినది. భారత వైద్య పరిశోధన మండలితో కలిసి ఆ సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలలో దినమునకు 600 కిలోకాలరీలు, తరువాతి ఆరు నెలలలో 520 కిలోకాలరీలు అదనముగా కావలెను. 600 అనగా ఎంత? నూఱు గ్రాముల బియ్యపు అన్నము, ముప్పది గ్రాముల పప్పు, రెండు చెంచాల నేయి, ఒక చిన్న గ్లాసెడు పాలు కలిపిన సుమారు ఆ లెక్క వచ్చును. అనగా ఆమె అంతకు పూర్వము తినుచుండిన దానిపై మఱియొక చిన్న భోజనము. మనము తీసికొనిపోవు క్యారియరు సరిగా ఆ భోజనమే.

కాని మన యిండ్లలో జరుగుచున్నదేమి? కొన్నిచోట్ల బాలింతకు ఒంటిపూట అన్నమే. నీరు త్రాగిన పొట్ట పెరుగునని దాహమును బిగబట్టించుట. పప్పు వాతమనియు, పెరుగు జలుబనియు, పండ్లు చలువయనియు ఒక్కొక్కటి తీసివేయగా, చివరకు పళ్లెమున మిగిలినది అన్నము, కారము. పెరుగవలసిన ఆహారము తరిగిపోవుచున్నది. ఇంతకు ముందు చెప్పిన సర్వేలోనే, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆ స్థితిలో కాన్పు వలన మఱికొంత రక్తము పోగొట్టుకొన్న తల్లికి కారపు మెతుకులు చాలునా? ప్రసవానంతరము 180 దినములు ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు వేసికొనవలెనని ప్రభుత్వ కార్యక్రమము చెప్పుచున్నది. ఆ మాత్ర కాఫీతోను టీతోను పడరాదు. అవి ఇనుమును ఒంటికి పట్టనీయవు. నిమ్మరసము పిండిన పప్పు, ఆకుకూర ఆ మాత్రకు తోడుపడును.

ఈ మాటలు చెప్పి పెద్దవారితో తగవు పెట్టుకొనుమని నేను చెప్పుట లేదు. అమ్మమ్మ, అత్తగారు పెట్టు నియమముల వెనుక ప్రేమయే యున్నది. ఆసుపత్రులు లేని నాటి భయమును కొంత యున్నది. వారి శొంఠిపొడిని నిలుపుకొందము, వారి నేతిని నిలుపుకొందము. దాహమును, ఒంటిపూటను మాత్రము విడిచిపెట్టుదము. వాదించుట కంటె పెసరపప్పులో మెంతికూర వేసి వండి, అత్తగారి చేతికే ఇచ్చి, మీరే వడ్డింపుడని కోరుట మేలు. వైద్యుడు చెప్పిన నియమమున్నచో అదియే ముఖ్యము. మధుమేహము గల తల్లికి బెల్లపు ఉండలు, రక్తపోటు గల తల్లికి ఊరగాయలు పంపరాదు. ముందుగా అడిగి తెలిసికొనుట చిన్నతనము కాదు. ఇంకొక మాట: మనము తెచ్చునది తల్లికి. బిడ్డకు తొలినాటి ముర్రుపాలు మొదలుకొని ఆరు నెలలు తల్లిపాలే ఆహారము. ముచ్చటపడి తేనె నాకించుట, నీరు పట్టుట కూడదు.

పాలిచ్చు తల్లికి భోజనమన్నది దయాధర్మము కాదని మన పార్లమెంటు కూడ అంగీకరించినది. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము నాలుగవ విభాగమున, గర్భిణికిని, ప్రసవానంతరము ఆరు నెలల వరకు తల్లికిని అంగన్వాడీ ద్వారా ఉచిత భోజనము హక్కుగా నీయబడినది. 2015లో తెలంగాణమున ఆరోగ్యలక్ష్మి పథకము ప్రారంభమైనప్పుడు, దినుసులు ఇంటికి పంపుటకు మారుగా అంగన్వాడీలోనే కూర్చుండబెట్టి ఒక పూర్తి భోజనము పెట్టుట పద్ధతిగా పెట్టుకొనిరి. ఇందలి వివేకము గమనింపుడు. ఇంటికి పోయిన దినుసు అందఱికి పంచబడును. తల్లి చివర తినును. కావున క్యారియరు పంపునప్పుడు కూడ తల్లికి సరిపడునంత మాత్రమే పంపిన అది ఆమెకు చేరదు. ఇంటిల్లిపాదికి సరిపడునట్లు పంపవలెను. అప్పుడే ఆమె నిశ్చింతగా తినగలదు.

ఇక తీసికొనిపోవు పద్ధతి. నాలుగు గిన్నెల క్యారియరులో అడుగున అన్నము, దానిపై పప్పు, ఆ పైన కూర, మీది గిన్నెలో పొడియు నేయియు. చారు వేఱుగా ఫ్లాస్కులో. పెద్దబిడ్డ యున్నచో కారము లేని కూర కొంచెము. ఢిల్లీ వేసవిలో వండిన రెండు గంటలలోపల పళ్లెము చేరునట్లు చూడవలెను. ఉదయము పదునొకండు గంటలు, సాయంకాలము ఏడు గంటలు మంచి వేళలు. బయలుదేరుటకు ముందు ఫోనున ఒక వార్త. తలుపు వద్ద గంట నొక్కక మెల్లగా తట్టుట. లోనికి పిలిచినను పది నిమిషములకు మించి కూర్చుండకుండుట. జలుబు, జ్వరము ఉన్నవారు గుమ్మము దాటరాదు.

భోజనముతో పాటు ఒక మూతగల డబ్బా కూడ తీసికొనిపొండు. బాలింత ఆకలి రాత్రి రెండు గంటలకు వేయును. బిడ్డకు పాలిచ్చిన పిమ్మట కడుపు ఖాళీయైనట్లుండును. అప్పుడు పొయ్యి వెలిగించువారు ఎవరు? మంచము ప్రక్కన సున్నుండలో, నువ్వులుండలో, నేతిలో వేయించిన మఖానాలో, ఒక చెంబెడు నీళ్లో ఉన్నచో ఆ రాత్రి గడచును.

గిన్నెల విషయము చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగి యీయరాదన్నది మన మర్యాద. ఆ మర్యాదయే పురిటింట భారమగును. మన గిన్నెను చూచినప్పుడెల్ల, కడుగవలెను, ఏదో ఒకటి వేసి పంపవలెనని ఆ తల్లికి బెంగ. కావున తిరిగి యీయనక్కరలేని డబ్బాలలో పంపుడు. లేదా రేపు వచ్చి మేమే తీసికొని, మేమే కడుగుకొందుమని ముందే చెప్పుడు. ఖాళీ గిన్నె తిరిగి యిచ్చుట పురిటింటికి తప్పు కాదని మనమందఱము అనుకొందము.

ఎవరి యింటికి పోవలెనన్న ప్రశ్న ఇంకను ముఖ్యమైనది. జాయింటు సెక్రటరీ గారింట మనుమడు పుట్టిన క్యారియరులకు కొదువ యుండదు. టైపు వన్ క్వార్టరులోని మన తెలుగు సోదరునింట, కాంట్రాక్టుపై పనిచేయు టైపిస్టు అద్దె గదిలో, ఎవరు తలుపు తట్టుదురు? మగబిడ్డ పుట్టిన లడ్డూలు పంచి, ఆడపిల్లయని తెలిసిన గొంతు తగ్గించు ఇండ్లు ఇంకను ఉన్నవి. ఆ యింటికి మన క్యారియరు ముందుగా పోవలెను. బిడ్డ ఇంకను ఆసుపత్రి నర్సరీలో నుండగా తల్లిదండ్రులు వంతులవారీగా తిరుగుచుండు ఇండ్లు కలవు. వారికి కాఫీ త్రాగుటకు కూడ తీరిక యుండదు. బిడ్డ దక్కని యిల్లును ఉండును. ఒడి ఖాళీయైనను ఆమె బాలింతయే. ఆ శరీరమునకు ఆ పథ్యమే కావలెను. ఆ గుమ్మమున మాటలు దొరకక మనము పోకుందుము. మాటలు అక్కరలేదు. అన్నము పెట్టి రండు.

పురుషులారా! మీకును ఒక మాట. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మనవారి సామెత. పురిటింటి విషయమున ఈ సామెత చెల్లరాదు. ఏమైన కావలెనా యని అడిగిన ఎవరును కావలెనని చెప్పరు. "గురువారము సాయంకాలము మేము భోజనము తెచ్చుచున్నాము, మీకు ఏది పడదో చెప్పుడు" అని యనవలెను. మోయుట మన పనియే. వండుట మాత్రము మన పని కాదని ఎవరు చెప్పిరి? పెసరపప్పు ఉడికించుటకు, మిరియాల చారు కాచుటకు శాఖాపరీక్ష లేదు. బిడ్డ తండ్రికి ఈ రెండును నేర్పుట ఆయనకు మన మీయగల మంచి బహుమానము.

చివరగా ఒక ప్రతిపాదన. ప్రసవానంతరము ఆరు వారములు, అనగా 42 దినములు, తల్లికి ముఖ్యమైనవి. మన సమాజమున ఒక్కొక్క కాలనీకి పదునాలుగు కుటుంబములు ముందుకు వచ్చిన చాలును. కుటుంబమునకు మూడు దినములు; పదునాలుగు మూళ్లు నలువదిరెండు. ఒకరు పట్టిక వ్రాయవలెను, ఒకరు ఇంటివారి పథ్యము, వైద్యుని నియమము అడిగి తెలిసికొనవలెను. దీనికి ఆర్థికశాఖ సమ్మతి అక్కరలేదు, సర్క్యులరు అక్కరలేదు, ఫైలు కదలనక్కరలేదు. క్యారియరు కదలిన చాలును.

మనము ఊరు విడిచి దూరము వచ్చితిమి. పుట్టింటిని మూటగట్టి వెంట తెచ్చుకొనలేము. కాని పుట్టిల్లు బాలింతకు చేయు పనిలో ఒక భాగమును, వేళకు వేడి అన్నము పెట్టుటను, మనము పంచుకొని చేయగలము. ఈ సమావేశము ముగియగానే బయట బల్లపై ఒక కాగితము, కలము పెట్టించియున్నాను. పదునాలుగు పేర్లకు చోటున్నది.